"నాకు దీని గురించి అంతగా తెలియదు" అని ఇంగ్లిష్‌లో మర్యాదగా ఎలా రాయాలి?

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "వేరే దేశంలో ఉన్న టీమ్‌తో రోజూ ఈమెయిల్ మీదే పని. ఒక ప్రతిపాదన పంపి అభిప్రాయం చెప్పమన్నారు. అందులో డేటా బ్యాకప్ గురించిన భాగం నాకు పెద్దగా తెలియదు. 'ఐ డోంట్ నో అబౌట్ దిస్' అని రాస్తే మా మేనేజర్ మొహం మీద కొట్టినట్టుందన్నారు. ఇంకోసారి అలాంటిదే వస్తే బాగా క్షమాపణలు చెప్పుకుని రాశాను. దాంతో ఆ పనే నా దగ్గర్నుంచి తీసేశారు. రెండింటికీ మధ్యలో ఎలా రాయాలి? మెయిల్ చివర 'సారీ ఫర్ మై బ్యాడ్ ఇంగ్లిష్' అని పెట్టొచ్చా?"

ముందు సూటిగా జవాబు. మీ సందర్భానికి ఈ వాక్యం సరిపోతుంది: "ఐ యామ్ నాట్ వెరీ ఫెమిలియర్ విత్ బ్యాకప్ సిస్టమ్స్, సో ప్లీజ్ ట్రీట్ మై కామెంట్ ఆన్ సెక్షన్ ఫోర్ యాజ్ ఎ క్వశ్చన్." బ్యాకప్ వ్యవస్థలతో నాకు పెద్దగా పరిచయం లేదు, కాబట్టి నాలుగో భాగం మీద నేను రాసినదాన్ని ప్రశ్నగానే తీసుకోండి అని. తొందరలో ఉంటే ఇది కాపీ చేసుకుని వెళ్లిపోవచ్చు. సందర్భం మారినప్పుడు ఏం మార్చాలో తెలియాలంటే మాత్రం కొంచెం ఓపిక పట్టండి. ఇంగ్లిష్ ఉత్తరాలు, సాంకేతిక పత్రాలు దిద్దడమే చాలా ఏళ్లుగా నా పని కాబట్టి ఈ విషయంలో నాకు చెప్పాల్సింది కాస్త ఎక్కువే ఉంది.

మీ రెండు మెయిళ్లూ పైకి వేరువేరుగా కనిపిస్తున్నా లోపం ఒక్కటే. మొదటిదాంట్లో "నాకు తెలియదు" అని ఆగిపోయారు. రెండోదాంట్లో "నాకు తెలియదు, క్షమించండి, నేను కొత్త, తప్పులుంటే మన్నించండి" అన్నారు. ఏది తెలియదు, ఎంతవరకు తెలుసు, మీ మాటను ఎంతవరకు నమ్మొచ్చు అనేది రెండింట్లోనూ లేదు. అవతలి మనిషికి మీ వినయంతో పెద్దగా పని లేదు. మీ అభిప్రాయాన్ని పట్టుకుని ముందుకు వెళ్లొచ్చా, ఇంకొకరిని అడగాలా అన్నది ఆయన తేల్చుకోవాలి. అందుకు కావలసిన సమాచారం ఇవ్వడమే ఇక్కడ మర్యాద. "సారీ" ఒకసారి ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాదు. ఈ సమాచారం లేకపోతే మాత్రం ఎంత తియ్యగా రాసినా పని జరగదు.

మనవాళ్లు ఇక్కడ తడబడటానికి ఒక కారణం ఉంది. తెలుగులో "నాకు తెలియదండీ" అంటే చాలు, ఆ "అండీ" సగం పని చేసిపెడుతుంది. "అంతగా తెలియదు", "ఏదో పైపైన తెలుసు", "నాకు తెలిసినంతవరకు" అనేవి నోట్లోంచి వాటంతటవే వస్తాయి. ఇంగ్లిష్‌లో "అండీ" లేదు. ఆ లోటు పూడ్చడానికి మనం "సర్", "కైండ్లీ", "సారీ" అని చేరుస్తూ పోతాం. ఇంగ్లిష్‌లో ఆ మెత్తదనం వేరేచోట ఉంటుంది: "నాట్ వెరీ", "నాట్ పర్టిక్యులర్లీ" లాంటి చిన్నమాటల్లో, "మే", "మైట్", "వుడ్" లాంటి సహాయక క్రియల్లో, అన్నిటికంటే ఎక్కువగా వాక్యం తర్వాత వచ్చే వాక్యంలో. మర్యాద గురించి బాగా ప్రసిద్ధమైన సిద్ధాంతాన్ని పెనెలోపీ బ్రౌన్, స్టీఫెన్ లెవిన్సన్ రూపొందించారు. ఇంగ్లిష్‌ను, తమిళాన్ని, మెక్సికోలో మాట్లాడే త్సెల్తాల్ అనే మాయా భాషను పక్కపక్కన పెట్టి చూశారు. ఎదుటివాళ్ల గౌరవానికి దెబ్బ తగలకుండా, తన గౌరవం పోగొట్టుకోకుండా మాట్లాడాలనే తాపత్రయం అన్నిచోట్లా ఉంటుందనీ, అందుకు వాడే సాధనాలే మారుతుంటాయనీ వాళ్ల వాదన. మనకు పనికొచ్చేది ఆ రెండో సగం.

ఇప్పుడు మాటల సంగతి. "తెలియదు" దగ్గర్నుంచి "కొంచెం తెలుసు" దాకా ఇంగ్లిష్‌లో చాలా మెట్లున్నాయి. "ఐ యామ్ అన్‌ఫెమిలియర్ విత్ దిస్" అంటే అసలు పరిచయం లేదని. మర్యాదకు లోటు లేదు గానీ తలుపు వేసేసినట్టే. "నాట్ ఎట్ ఆల్ ఫెమిలియర్" కూడా అంతే, ఇంకాస్త గట్టిగా. "నాట్ వెరీ ఫెమిలియర్", "నాట్ టూ ఫెమిలియర్" అంటే ఏదో కాస్త తెలుసు, దాని మీద ఆధారపడొద్దని. రోజువారీ మెయిళ్లకు వీటికి మించినవి లేవు. "నాట్ ఎంటైర్లీ ఫెమిలియర్" అన్నారంటే చాలావరకు తెలుసు, కొన్ని మూలలు తెలియవని అర్థం వస్తుంది. అసలేమీ తెలియకుండా ఇది రాస్తే రేపు ఇరుక్కుంటారు. "ఐ హావ్ ఓన్లీ ఎ పాసింగ్ ఫెమిలియారిటీ విత్" అంటే దారిన పోతూ చూసినంత పరిచయం. వినడానికి బాగుంటుంది, రాతలో హుందాగానూ ఉంటుంది. "ఐ హావ్ లిమిటెడ్ ఎక్స్‌పీరియన్స్ విత్" నివేదికల్లోకి, కస్టమర్లకు రాసే ఉత్తరాల్లోకి సరిగ్గా ఇముడుతుంది. "లిమిటెడ్ ఫెమిలియారిటీ" కూడా తప్పు కాదు, కానీ పక్క సీటు మనిషికి చాట్‌లో అలా రాస్తే కోర్టు కాగితంలా ఉంటుంది. అక్కడ "ఐ హావెంట్ రియల్లీ వర్క్‌డ్ విత్ దిస్" అంటే పోతుంది. "వర్కింగ్ నాలెడ్జ్" దగ్గరకొచ్చేసరికి మాట తిరగబడుతుంది. అది పని గడుపుకునేంత తెలుసని చెప్పడం, తెలియదని చెప్పడం కాదు. రెజ్యూమేలో "లిమిటెడ్ నాలెడ్జ్ ఆఫ్ ఫలానా" అని రాసుకునేవాళ్లను చూస్తుంటాను. అంత తక్కువ తెలిస్తే అక్కడ రాయకండి. కాస్త చేసి ఉంటే "వర్కింగ్ నాలెడ్జ్" అనో "సమ్ ఎక్స్‌పోజర్ టు" అనో పెట్టండి.

నిజం చెప్పాలంటే ఈ విశేషణాల జోలికే వెళ్లకుండా ఉండటం నాకు ఇంకా ఇష్టం. "నాట్ వెరీ ఫెమిలియర్" అంటే ఎంత అనేది చదివేవాళ్ల ఊహకే వదిలేస్తున్నారు. దాని బదులు మీకూ ఆ విషయానికీ ఉన్న సంబంధం ఏమిటో చెప్పేయండి: "ఐ హావ్ రెడ్ ద డాక్యుమెంటేషన్, బట్ ఐ హావెంట్ యూజ్డ్ ఇట్ మైసెల్ఫ్." చదివాను, వాడలేదు. లేదా "ఐ లాస్ట్ వర్క్‌డ్ విత్ యాన్ ఓల్డర్ వెర్షన్." పాత వెర్షన్‌తో పనిచేశాను. లేదా "ఐ నో ద రిపోర్టింగ్ సైడ్, బట్ నాట్ హౌ ద డేటా గెట్స్ దేర్." రిపోర్టుల వైపు తెలుసు, డేటా అక్కడికి ఎలా వస్తుందో తెలియదు. ఇందులో వినయపు మాట ఒక్కటీ లేదు, అయినా ఎవరికీ మొరటుగా అనిపించదు. పైగా చదివిన మనిషికి ఏ ప్రశ్న మిమ్మల్ని అడగొచ్చో, ఏది అడగకూడదో వెంటనే అర్థమవుతుంది.

చిన్నమాటల్లో పెద్ద గుంతలున్నాయి. "ఐ హావ్ ఎ లిటిల్ నాలెడ్జ్ ఆఫ్ దిస్" అంటే కాస్త తెలుసని. "ఐ హావ్ లిటిల్ నాలెడ్జ్ ఆఫ్ దిస్" అంటే దాదాపు తెలియదని. మధ్యలో ఉన్న ఆ "ఎ" తెలుగులో లేదు కాబట్టి మన చేతిలో ఇట్టే జారిపోతుంది, అర్థం తలకిందులవుతుంది. "నాట్ రియల్లీ ఫెమిలియర్" మెత్తగా ఉంటుంది, అదే మాటలు అటూ ఇటూ చేసి "రియల్లీ నాట్ ఫెమిలియర్" అంటే విసుక్కున్నట్టు ఉంటుంది. "క్వైట్" అనే మాటతో ఇంకో తంటా. "క్వైట్ ఫెమిలియర్" అంటే అమెరికన్లకు బాగా తెలుసనే అర్థం తోస్తుంది, బ్రిటిష్ వాళ్లకు చాలాసార్లు ఓ మాదిరిగా తెలుసని తోస్తుంది. రెండు దేశాల వాళ్లూ ఒకే మెయిల్ చదివేచోట ఆ మాట లేకుండా రాసుకోవడమే సుఖం.

"ఫెమిలియర్" పక్కన "విత్", "టు" రెండూ రావచ్చు, కానీ దిశ మారుతుంది. "ఐ యామ్ ఫెమిలియర్ విత్ దిస్ టూల్" అంటే ఆ టూల్ నాకు తెలుసు. "దిస్ టూల్ ఈజ్ ఫెమిలియర్ టు మి" అన్నా అదే భావం, కానీ "ఐ యామ్ ఫెమిలియర్ టు దిస్ టూల్" అంటే ఆ టూల్‌కే మీరు తెలుసన్నట్టు అవుతుంది. "అవేర్" వెనక "ఆఫ్" వస్తుంది, పైగా దాని అర్థం వేరు. "ఐ యామ్ నాట్ అవేర్ ఆఫ్ దిస్ ఇష్యూ" అంటే అలాంటి సమస్య ఉన్నట్టు నా దృష్టికి రాలేదని. సమస్య ఉందని తెలిసి, వివరాలు తెలియనప్పుడు ఇది రాయకూడదు. రేపు పాత మెయిళ్లు తీసినప్పుడు మీరు అబద్ధం చెప్పినట్టు తేలుతుంది.

"ఐ యామ్ నాట్ నోయింగ్", "ఐ యామ్ నాట్ హావింగ్ ఐడియా" అనేవి మన దేశంలో అందరికీ అర్థమైపోతాయి. బయటివాళ్లకు మాత్రం కంట్లో నలుసులా తగులుతాయి. "నో", "హావ్", "అండర్‌స్టాండ్" లాంటి స్థితిని చెప్పే క్రియలను ఇలాంటి వాక్యాల్లో "ఇంగ్" రూపంలో వాడరు. అది దిద్దుకుని "ఐ హావ్ నో ఐడియా" అని రాశారనుకోండి, వ్యాకరణం సరిపోతుంది, మర్యాద పోతుంది. రాతలో ఆ మాటకు "నాకేం పట్టింది" అనే వాసన ఉంటుంది. "నో క్లూ" అయితే మరీనూ. స్నేహితులకు సరే, పని మెయిల్లో వద్దు.

ఇంకొకటి "డౌట్". మనం క్లాసులో చెయ్యెత్తి "ఐ హావ్ ఎ డౌట్" అంటాం, అంటే ఒక ప్రశ్న ఉందని. ఇంగ్లిష్ సొంత భాషగా ఉన్నవాళ్లు "ఐ హావ్ ఎ డౌట్ అబౌట్ యువర్ డిజైన్" అని చదివితే మీ డిజైన్ మీద నమ్మకం లేదంటున్నాడని అనుకుంటారు. తెలియక అడుగుతున్న మనిషి తెలిసి తప్పుపడుతున్నవాడిగా మారిపోతాడు. "ఐ హావ్ ఎ క్వశ్చన్ అబౌట్" అనండి, గొడవ ఉండదు. దీనికి ఉల్టా, "ఐ యామ్ అఫ్రెయిడ్" చూసి జంకేవాళ్లున్నారు. "ఐ యామ్ అఫ్రెయిడ్ ఐ డోంట్ నో మచ్ అబౌట్ దిస్" అనే వాక్యంలో భయమేమీ లేదు. మన "ఏమనుకోకండి, నాకు అంతగా తెలియదు" లాంటిదే. "సారీ" కంటే ఇది తేలిక, ఒకసారి వాడితే చాలా బాగుంటుంది.

ఇప్పటిదాకా చెప్పినవి "నాకు తెలియదు" అనడానికి. తెలిసీ తెలియని విషయం గురించి ఏదో ఒకటి చెప్పాల్సి వచ్చినప్పుడు వాడే మాటలు వేరు. భాషాశాస్త్రంలో వీటికి "హెడ్జెస్" అని పేరు, 1972లో జార్జ్ లేకాఫ్ రాసిన వ్యాసంతో ఆ పేరు వాడుకలోకి వచ్చింది. "యాజ్ ఫార్ యాజ్ ఐ నో", "ఇఫ్ ఐ రిమెంబర్ కరెక్ట్‌లీ", "యాజ్ ఫార్ యాజ్ ఐ కెన్ టెల్", "ఐ అండర్‌స్టాండ్ దట్" అనే నాలుగింటినీ మనవాళ్లు ఒకదాని బదులు ఒకటి వాడేస్తుంటారు. కానీ దేని పని దానిదే. మొదటిది నా ఎరుక ఇంతవరకే అని చెబుతుంది. రెండోది ఒకప్పుడు తెలుసు, ఇప్పుడు జ్ఞాపకం మీద అంత నమ్మకం లేదని చెబుతుంది. మూడోది నా కంటికి కనపడినదాన్నిబట్టి చెబుతున్నాను, లోపల ఇంకేదైనా ఉండొచ్చని. నాలుగోది ఎవరో చెప్పగా విన్నానని.

ఒకే విషయంతో చూడండి. సర్వర్ రాత్రిపూట బ్యాకప్ అవుతుందని చెప్పాలి. మీరు లాగ్ ఫైల్ తెరిచి చూసి ఉంటే "యాజ్ ఫార్ యాజ్ ఐ కెన్ టెల్, ఇట్ రన్స్ ఎట్ నైట్." ఎవరో మీటింగ్‌లో అంటే విని ఉంటే "ఐ అండర్‌స్టాండ్ దట్ ఇట్ రన్స్ ఎట్ నైట్." కిందటేడు మీరే సెట్ చేసి మళ్లీ చూడకపోతే "ఇఫ్ ఐ రిమెంబర్ కరెక్ట్‌లీ." మూడింటికీ తరువాత చేయాల్సిన పని వేరు: ఒకదానికి లోపలి సెట్టింగు చూడాలి, ఒకదానికి చెప్పిన మనిషిని పట్టుకోవాలి, ఒకదానికి మళ్లీ ఒకసారి తెరిచి చూస్తే చాలు. సరైన మాట ఎంచుకుంటే ఆ దారి మీరు చెప్పకుండానే అవతలివాళ్లకు తెలిసిపోతుంది. చాట్‌లో ఆ నాలుగింటిలో మొదటి రెండింటిని ఏఎఫ్ఏఐకే, ఐఐఆర్‌సీ అని పొట్టిగా రాస్తారు. తెలిసినవాళ్ల మధ్య పర్వాలేదు, కస్టమర్‌కి రాసే మెయిల్లో పూర్తిగా రాయండి.

"ఇన్ మై ఒపీనియన్" మాత్రం ఈ జాబితాలోది కాదు. బ్యాకప్ రాత్రి అవుతుందా పగలు అవుతుందా అన్నది అభిప్రాయం కాదు. నిజం తెలియనప్పుడు దాన్ని అభిప్రాయంగా ముసుగేయడం చూస్తే నాకు చిరాకు.

ఇక మోతాదు. "ఐ థింక్ మేబీ ఇట్ మైట్ పాసిబ్లీ బి" అని ఒకే వాక్యంలో నాలుగు అనుమానాలు పేర్చడం కంటే ఒక్క "మైట్" మేలు. ఒకటి ఉంటే జాగ్రత్త అనిపిస్తుంది, నాలుగుంటే భయం అనిపిస్తుంది. మీ రెండో మెయిల్‌కి జరిగింది ఇదే.

ఈ మెత్తని మాటలు ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమవుతాయన్నది ఊహాగానం కాదు. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1951లో అమెరికా నిఘా విశ్లేషకులు యుగోస్లావియా మీద దాడి జరగడం "సీరియస్ పాసిబిలిటీ"గా చూడాలని నివేదిక రాశారు. దాన్ని తయారుచేసినవాళ్లలో షెర్మన్ కెంట్ ఒకరు. ఆ మాటకు ఆయన మనసులో ఉన్నది నూటికి 65 వంతుల అవకాశం. తీరా తన బృందంలోనే ఒక్కొక్కరినీ అడిగితే కొందరు 20 అన్నారు, కొందరు 80 అన్నారు. అందరూ ఒకే వాక్యానికి తలూపినవాళ్లే. దీని మీద ఆయన 1964లో వివరంగా రాశారు. ఇప్పుడు వాతావరణ మార్పులపై నివేదికలిచ్చే ఐపీసీసీ ఇలాంటి గందరగోళం రాకుండా మాటలకు అంకెలు కట్టేసింది: "లైక్లీ" అంటే 66 శాతం పైన, "వెరీ లైక్లీ" అంటే 90 పైన, "వర్చువల్లీ సర్టెన్" అంటే 99 పైన. న్యూరిప్స్ లాంటి మెషీన్ లెర్నింగ్ సదస్సులలో పరిశోధన పత్రాన్ని పరిశీలించేవాళ్లు తమ తీర్పుతో పాటు, ఆ తీర్పు మీద తమకెంత నమ్మకముందో 1 నుంచి 5 వరకు అంకె వేస్తారు. తక్కువ అంకె వేసినంత మాత్రాన ఎవరూ నామోషీ పడరు. మీ ఆఫీసు మెయిల్లో అంకెలు వేయమని నేననను గానీ, పత్రం మీద మూడునాలుగు వ్యాఖ్యలు రాస్తున్నప్పుడు "హై కాన్ఫిడెన్స్", "లో కాన్ఫిడెన్స్" అని పక్కన చిన్నగా పెడితే చదివేవాళ్లకు ఎంతో సౌకర్యం. నేను దిద్దే పత్రాల మీద అదే చేస్తుంటాను.

ఈ వాక్యం ఎక్కడ పెట్టాలి? చాలామంది మెయిల్ మొదట్లోనే పెట్టేస్తారు: "ఐ యామ్ నాట్ యాన్ ఎక్స్‌పర్ట్, బట్..." అక్కడ పెడితే దాని నీడ కింద ఉన్న ప్రతి వాక్యం మీదా పడుతుంది. మీకు బాగా తెలిసిన మూడు భాగాల మీద రాసినవి కూడా అనుమానంగానే చదువుతారు. చివర పెడితే అప్పటికే అన్నీ నమ్మేసి ఉంటారు. తెలియని భాగం గురించి మాట్లాడేచోట, ఆ వ్యాఖ్యకు ఆనుకునే పెట్టాలి.

ప్రశ్న అడుగుతూ తెలియదని చెప్పుకోవడంలో ఇంకో మెలిక ఉంది. "ఐ మే బి మిస్సింగ్ సమ్‌థింగ్, బట్ వై డూ వి నీడ్ దిస్?" అనేది పైకి వినయంగానే ఉంటుంది, కానీ చాలాచోట్ల దాన్ని "ఇది అనవసరం" అనే విమర్శగానే చదువుతారు. "ఐ యామ్ నాట్ ష్యూర్ ఐ ఫాలో" కూడా బ్రిటిష్ వాళ్ల కలం నుంచి వస్తే చాలాసార్లు ఒప్పుకోవట్లేదనే. మీకు నిజంగా అర్థం కాక అడుగుతుంటే అది కనపడేలా రాయండి: "ఐ యామ్ న్యూ టు దిస్ ఏరియా. కుడ్ యూ పాయింట్ మి టు సమ్‌థింగ్ ఐ కెన్ రీడ్ ఆన్ హౌ ద బ్యాకప్ షెడ్యూల్ వర్క్స్?" చదవడానికి ఏదైనా చూపించమని అడగడంతో, వాళ్ల టైమ్ తినకుండా నేర్చుకునే ఉద్దేశం ఉందని తెలిసిపోతుంది. "ఫర్గివ్ మై ఇగ్నొరెన్స్" జోలికి మాత్రం పోకండి. కోపంగా ఉన్నవాళ్లు వెటకారంగా వాడే మాట అది, కాగితం మీద మీ స్వరం వినపడదు కాబట్టి ఏ అర్థంలో అన్నారో అవతలివాళ్లే తేల్చుకుంటారు.

మీ మెయిల్‌ని నేనైతే ఇలా తిరగరాస్తాను. "థ్యాంక్స్ ఫర్ షేరింగ్ ద ప్రపోజల్. సెక్షన్స్ వన్ టు త్రీ లుక్ గుడ్ టు మి. మై కామెంట్స్ ఆర్ ఇన్ ద ఫైల్. ఐ హావెంట్ వర్క్‌డ్ విత్ బ్యాకప్ సిస్టమ్స్ మచ్, సో ఆన్ సెక్షన్ ఫోర్ ఐ హావ్ జస్ట్ వన్ క్వశ్చన్: డస్ ద షెడ్యూల్ కవర్ వీకెండ్స్? ఫర్ ద రెస్ట్ ఆఫ్ దట్ సెక్షన్, ఐ వుడ్ డిఫర్ టు సమ్‌వన్ ఆన్ ద ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ టీమ్." మొదట చేసిన పని చెప్పాం. తర్వాత తెలియని చోటు ఏదో, ఎందుకో సగం వాక్యంలో చెప్పి, తెలిసినంతలోనే ఒక ప్రశ్న వేశాం. చివరికి మిగతాది ఎవరి దగ్గరకు వెళ్లాలో చూపించాం. "డిఫర్ టు" అంటే వాళ్ల మాటకే విలువిస్తాను అని. మెత్తగా తప్పుకోవడానికి ఇంగ్లిష్‌లో ఇంతకంటే హుందా అయిన మాట నాకు కనపడలేదు. స్పెల్లింగ్ జాగ్రత్త. వేరుగా ఉండటం అనే అర్థమున్న "డిఫర్"లో రెండు ఎఫ్‌లుంటాయి, ఇందులో ఒకటే. పలికేటప్పుడు దీనిలో ఒత్తు రెండో అక్షరం మీద పడుతుంది. రెండు ఎఫ్‌లతో, "విత్" చేర్చి రాస్తే ఆ టీమ్‌తో విభేదిస్తున్నానని అర్థం వస్తుంది!

ఎవరూ పట్టించుకోని తేడా ఇంకొకటి చెప్పాలి. పరిచయం తక్కువ అనడం వేరు, చెప్పే అర్హత లేదనడం వేరు. ఒప్పందంలో ఒక షరతు చట్టబద్ధమేనా అనో, ఒక యంత్రాన్ని ఆ ఒత్తిడి దగ్గర నడపొచ్చా అనో అడిగితే "నాట్ వెరీ ఫెమిలియర్" చాలదు. అది విన్నవాళ్లు "సరే, నీకు తెలిసిందేదో చెప్పు" అంటారు. అలాంటిచోట "ఐ యామ్ నాట్ క్వాలిఫైడ్ టు అడ్వైజ్ ఆన్ దిస్" అని గట్టిగానే రాయాలి. మెత్తని మాటలన్నీ పక్కన పెట్టాల్సిన సందర్భం అదొక్కటే.

మీ దగ్గర్నుంచి తీసేసిన పని గురించి అడగలేదు గానీ చెబుతాను. దాని మీద సంజాయిషీ మెయిల్ రాయకండి. ఆ విషయం కాస్త చదువుకున్నాక రెండు వాక్యాలు పంపండి: "ఐ హావ్ సిన్స్ రెడ్ త్రూ ద బ్యాకప్ గైడ్. హ్యాపీ టు టేక్ అనదర్ లుక్ ఎట్ సెక్షన్ ఫోర్ ఇఫ్ దట్ వుడ్ హెల్ప్." చివరి నాలుగు మాటలు తప్పకుండా ఉంచండి. నాకు ఇవ్వాల్సిందే అనే పట్టు అందులో ఉండదు, ఇస్తే చేస్తాననే సిద్ధత ఉంటుంది.

"సారీ ఫర్ మై బ్యాడ్ ఇంగ్లిష్" వద్దు. మీరు పంపిన రెండు మెయిళ్లలో ఇంగ్లిష్ అర్థం కాని చోటు నాకు ఒక్కటీ తగల్లేదు. ఆ వాక్యం చూశాకే చదివేవాళ్లు వెనక్కి వెళ్లి తప్పులు వెతుకుతారు. మీరు చెప్పింది నిజంగా స్పష్టంగా లేదేమోనని టెన్షన్ ఉంటే "లెట్ మి నో ఇఫ్ ఎనీథింగ్ ఈజ్ అన్‌క్లియర్" అని రాయండి.